మా అత్తయ్యకు కోపం రాని చోటు

మా అత్తయ్యను వీధిలో అందరూ దబ్బనం అంటారు. గోనెసంచులు కుట్టే ఆ పెద్ద సూది పేరు ఆమెకు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ల నోట్లో పంచదార పోయాలి. ఆమె చేసేది కుట్టుపని. మాట కూడా అలాంటిదే, ఈ వైపు గుచ్చుకుంటే ఆ వైపు తేలాల్సిందే. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. ఆమె ఎదుట ఆ పేరు పలికిన మొనగాడు మాత్రం అప్పటికి ఎవరూ లేరు.

నేను ఆమె కోడల్ని. అత్త గురించి కోడలు రాస్తోందంటే చాడీలే అనుకుంటారు. అనుకోండి. ఆమె మీద నాకున్న ఫిర్యాదులు చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. కానీ ఈ రాస్తున్నది ఆమె మీద కోపంతో కాదు, ఆమెకు జరిగినదాని మీద కోపంతో. అది నాకు ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

అత్తయ్యకు కోపం రావడానికి కారణంతో పనిలేదు. దారం తెగితే కోపం. తెగకపోతే, ఇంత నాసిరకం దారం ఎందుకు తెగలేదని అనుమానం, ఆ వెనకే కోపం. మామయ్య పోయిన రోజున కూడా ఆమె ముందు ఏడవలేదు, తిట్టింది. "చెప్పాపెట్టకుండా పోవడం ఈయనకి మొదట్నించీ అలవాటే" అంది. టీ తాగడానికి వెళ్లినా ఆయన చెప్పకుండానే వెళ్లేవారట. ఆ తర్వాత ఏడ్చింది. మిషను తొక్కుతూ, కన్నీళ్లు గుడ్డ మీద పడకుండా తల పక్కకు తిప్పుకుని, చాలాకాలం ఏడ్చింది.

మాది కింద కుట్టుకొట్టు, పైన రెండు గదులు. నా భర్త పాత ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, సగం పని ఇంట్లోనే. నమాజుకు చాప పరచాలంటే ముందు ఒక ఫ్రిజ్ తలుపు జరపాలి, తర్వాత పిల్లల్ని జరపాలి. తలుపు జరిగినంత తేలిగ్గా పిల్లలు జరగరు. అత్తయ్య సజ్దాలో నుదురు నేలకు ఆనించి ఉండగానే మా చిన్నది వీపెక్కి గుర్రం ఆడేది. నమాజు ముగిస్తూ కుడికీ ఎడమకీ సలాం తిప్పగానే అత్తయ్య గొంతు మూడిళ్ల అవతలికి వినిపించేది. పిల్లను తిట్టేది, నన్ను తిట్టేది, ఫ్రిజ్‌ను కూడా తిట్టేది.

మా పేటలో అంతకుముందున్న మసీదు రేకుల షెడ్డు. మగవాళ్లకే చాలేది కాదు, ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ షెడ్డు పడగొట్టి, పక్కనున్న ఖాళీ జాగా కలుపుకుని ఇప్పుడున్న పెద్ద మసీదు కట్టారు. ఊరంతా చెప్పుకునే కట్టడం అది. అంత పెద్ద హాలులో ఒక్క స్తంభం లేదు. గుమ్మటం గుండ్రంగా బోర్లించినట్టు ఉండదు. తెల్లటి కాంక్రీటు రేకులు ఒకదాని మీదకొకటి వాలినట్టు ఉంటాయి, వాటి మధ్య సన్నటి సందుల్లోంచి వెలుగు లోపలికి దిగుతుంది. పొద్దు తిరిగేకొద్దీ ఆ వెలుగు చారలు తివాచీ మీద జరుగుతూ, అసర్ నమాజు వేళకు, అంటే సాయంత్రం ముంగిట, మగవాళ్లు నిలబడే వెనక వరసల దాకా చేరతాయి. మినారు ఒక్కటే, సన్నగా, ఏ నగిషీ లేకుండా. లోపలే గ్రంథాలయం, పిల్లలకు చదువు చెప్పే గదులు, నిఖాలకు ఒక హాలు, ముందు రాతిపలకల ఆవరణ. అన్ని మతాలవాళ్లూ వచ్చి చూసి వెళ్లవచ్చు. రక్తదానాలు, ఉపన్యాసాలు, బడిపిల్లల విహారయాత్రలు అన్నీ అక్కడే. మంచిదే. నేను కాదనలేదు.

ఆడవాళ్లకు మాత్రం పైన గ్యాలరీ ఇచ్చారు. హాలు వెనక భాగంలో అర్ధచంద్రాకారంలో వేలాడినట్టుంటుంది, ముందు చెక్క జాలీ. దాన్ని గీసిన ఆర్కిటెక్టు పని జరుగుతుండగా ఒకసారి వచ్చినప్పుడు అత్తయ్య అడిగేసింది, "మమ్మల్ని అంత పైకెందుకు తోశారు బాబూ?" అని. అతను నవ్వి, "గుమ్మటాన్ని చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు ఈ మొత్తం భవనంలో లేదమ్మా. అందుకే మీకిచ్చాను" అన్నాడు. అత్తయ్యకు మారు మాట దొరకలేదు. అలాంటి రోజులు ఆమె జీవితంలో చాలా తక్కువ.

గ్యాలరీకి తివాచీ వేసేటప్పుడు ఆ వంపు దగ్గర అంచులు పోగులు లేస్తుంటే, కమిటీవాళ్లు వీధిలో కుట్టుపని తెలిసిన ఆడవాళ్లను పిలిచారు. అత్తయ్య, ఇంకొందరు మోకాళ్ల మీద కూర్చుని, వంకర సూదులతో ఆ అంచులు కుట్టారు. నేను దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. వేళ్లు వాచిపోయాయి. ఆ పనిలో ఆమె ఎవరినీ తిట్టకపోవడం చూసి నాకు భయమేసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాను.

మసీదు తెరిచాక అత్తయ్య రోజూ అసర్‌కు పైకి వెళ్లేది. తను కుట్టిన అతుకు దగ్గరే, జాలీకి దగ్గరగా, ఆమె చోటు. నేను అప్పుడప్పుడు పక్కన నిలబడేదాన్ని. వెలుగు చారలు కింద మగవాళ్ల భుజాల మీదుగా పాకుతుంటే చూస్తూ కూర్చునేది. నమాజు అయ్యాక కూడా లేచేది కాదు. ముఖంలో ఉన్న ముడతలన్నీ ఎవరో ఇస్త్రీ చేసినట్టు సాఫుగా ఉండేవి. ఇంటికి వచ్చాక కూడా ఆ నెమ్మది కాసేపుండేది. మెట్లెక్కి, చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, పొయ్యి దగ్గరికి వచ్చి, నేను కూరలో ఉప్పెక్కువ వేశానని కనిపెట్టేదాకా నోరు విప్పేది కాదు. ఆ కాసేపటి కోసం నేను కూడా రోజంతా ఎదురుచూసేదాన్ని. కోడళ్లకు నా మాట అర్థమవుతుంది.

మసీదుకు పేరొచ్చింది. పేరొచ్చాక చూడవచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లు పొట్టి బట్టల్లో వచ్చినా ఇబ్బంది పడకుండా పైన వేసుకోవడానికి బూడిదరంగు పైగౌన్లు, తలను కప్పే టోపీతో సహా, కమిటీ కుట్టించింది. కుట్టింది అత్తయ్యే. వాటిని ఉతకడం, చిరిగినవి బాగుచేయడం కూడా ఆమె పనే. వాళ్లు గౌను కింది అంచు తొక్కుకుని చించేవాళ్లు. టోపీలకు లిప్‌స్టిక్ అంటేది. "మూతికి వేసుకునేది నెత్తికెలా అంటుతుందే?" అని నన్ను నిలదీసేది, నేనేదో అంటించినట్టు. ఒకసారి కాపలామనిషి ఎవరో అతిథిని కసిరితే పేపర్లో వచ్చింది. అప్పట్నుంచి కమిటీ కార్యదర్శి గట్టి నియమం పెట్టాడు. పైగౌను వేసుకున్నవాళ్లు మన అతిథులు, వాళ్లను ఎవరూ అడ్డగించకూడదు, ఎందుకొచ్చారని అడగకూడదు. ఆ నియమం గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు మేం పైకి వెళ్లేసరికి మెట్ల దగ్గర బోర్డు. "వీక్షణ గ్యాలరీ. సందర్శకులకు మాత్రమే." కార్యదర్శి చాలా మర్యాదస్తుడు. పెదవుల మీద చిరునవ్వు చెరగకుండా చెప్పాడు. "అసర్ టైములో వెలుగు బాగా పడుతుందమ్మా. ఆ టైముకే అందరూ చూడాలంటున్నారు. పైనుంచైతే నమాజుకి అడ్డం లేకుండా చూసుకోవచ్చు. మీకు కింద మంచి గది ఇచ్చాం. మెట్లు ఎక్కే బాధ కూడా లేదు."

ఆడవాళ్లకు మంచి చోటు ఇవ్వడమే తప్పయిపోయింది. మంచిదని తెలిసిన మరుక్షణం లాగేసుకున్నారు.

కార్యదర్శి చెప్పిన మంచి గది ఏసీ యంత్రాల పక్కన. కిటికీ లేదు. గోడకు ఒక టీవీ, మూలన స్పీకరు. గుమ్మటం సంగతి దేవుడెరుగు, బయట పగలో రాత్రో కూడా తెలియదు. పక్కనే మరుగుదొడ్లు. సందర్శకులు దారి తప్పి మా తలుపు తోసుకుని వచ్చి, నాలుక కరుచుకుని పోయేవాళ్లు. అత్తయ్య రెండు రోజులు వెళ్లి, మూడోరోజు మానేసింది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు జరపడం మళ్లీ మొదలైంది. ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. నా భర్త కూడా ఫ్రిజ్‌లు పట్టుకుని బయట మెట్ల మీద కూర్చుని పనిచేసుకునేవాడు. "పోనీలేమ్మా, దేవుడు ఎక్కడైనా వింటాడుగా" అన్నాడు ఒకసారి. "వినేవాడు ఆయన. చదివేదాన్ని నేను. నాకు చోటు కావాలిరా!" అని చేతిలో ఉన్న టేపు విసిరింది.

మళ్లీ ఆమె ఆ గదికి రావడానికి కారణం పక్కింటి పెద్దమ్మ. మోకాళ్ల నొప్పులతో ఎక్కడికీ కదలలేని ఆవిడను ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లాలి. ఆ రోజు ముగ్గురం వెళ్లాం. నమాజు మధ్యలో అందరం సజ్దాకు వంగాం. నుదుళ్లు నేలకు ఆనించాం. ఇమామ్ "అల్లాహు అక్బర్" అంటే లేవాలి. ఆ మాట రాలేదు. ఈసారి ఇమామ్ ఎక్కువసేపు ఉన్నాడనుకున్నాం. ఇంకా రాలేదు. ఇమామ్ కంటే ముందు లేవకూడదు, అదీ మా భయం. పది పన్నెండు మంది ఆడవాళ్లం నేలకు తలలు ఆనించి, కదలకుండా, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాం. పెద్దమ్మ మూలగడం మొదలుపెట్టింది. నేను ఓరగా టీవీ వైపు చూశాను. తెర మీద ఇమామ్ సజ్దాలోనే ఉన్నాడు. బొమ్మ బిగుసుకుపోయింది. స్పీకరు చచ్చిపోయింది. హాలులో మగవాళ్లు నమాజు ముగించుకుని, బూట్లు తొడుక్కుని, టీలకు కూడా వెళ్లిపోయారు.

అప్పుడే మరుగుదొడ్డి అనుకుని ఒకామె తలుపు తీసింది. బూడిదరంగు పైగౌనులో, అత్తయ్య కుట్టిన గౌనులోనే. మమ్మల్ని చూసి, ఆగి, కిసుక్కున నవ్వింది. ఫోను ఎత్తి ఒక ఫొటో తీసుకుని పోయింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు చూడండి, అలా ఉంది మా పని. గ్యాలరీ లాక్కున్నప్పుడు మండలేదని కాదు. కానీ ఆ నవ్వు విన్నాక నాకు ఒళ్లంతా నిప్పంటుకుంది. పెద్దమ్మను లేపడానికి నలుగురం పట్టాల్సివచ్చింది. అత్తయ్య తిట్టలేదు. అక్కడే ఆగిపోయి, మూసుకున్న తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత నాతో నెమ్మదిగా అంది.

"అమ్మాయ్, ఉతికిన గౌన్లు ఎన్ని ఉన్నాయి?"

"చాలానే ఉన్నాయత్తయ్యా. రేపు అప్పజెప్పాలి."

"రేపు కాదు. ఇస్త్రీ చెయ్యి."

మర్నాడు మధ్యాహ్నం మా కొట్టులో ఆ పది పన్నెండు మందిమీ పైగౌన్లు తొడుక్కుని, టోపీలు నుదుటి మీదకు లాక్కుని నిలబడ్డాం. పెద్దమ్మకు గౌను పొడవైతే అత్తయ్య పళ్లతో దారం కొరికి అక్కడికక్కడే అంచు మడిచి కుట్టింది. కాపలామనిషి మమ్మల్ని ఏళ్లుగా ఎరుగును. వాళ్లమ్మ బట్టలు కుట్టేది అత్తయ్యే. కానీ బూడిదరంగు గుంపు కనబడగానే అతను తల వంచి, సందర్శకుల కోసం కొత్తగా పెట్టిన లిఫ్టు తలుపు తెరిచి పట్టుకున్నాడు. గౌను కింద ఉన్న మనిషిని అతను చూడనేలేదు.

పైన అసలు సందర్శకులు కొందరు ముందే ఉన్నారు. గ్యాలరీ వెనక భాగమంతా వాళ్ల కోసం సోఫాలు బిగించేశారు. లిఫ్టూ మెట్లూ ఒక చివర, సోఫాల్లోకి వెళ్లే దారి ఇంకో చివర. అటు నుంచి ఇటు రావాలంటే జాలీ పక్కనున్న సన్నటి దారే గతి. గైడు అందరికీ చెబుతోంది.

"ఈ గ్యాలరీని ఆర్కిటెక్టు ప్రత్యేకంగా ఈ పేట మహిళల కోసం రూపొందించారు. గుమ్మటం అందం పూర్తిగా కనిపించేది ఇక్కడి నుంచే."

"ఆహా," అంది అత్తయ్య టోపీ లోంచి. "మరి ఆ మహిళలు ఏరమ్మా?"

"వాళ్లు కింద... వాళ్లకి ఇంకా సౌకర్యంగా ఉండే గదిలో ఉన్నారండి."

"అంత సౌకర్యమైతే మనం కూడా అక్కడికే పోదాం పద. చూపించు."

గైడు తికమకపడుతుండగానే అజాన్ వినిపించింది. కింద వరసలు కట్టారు. పైన జాలీ వెంట, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మేం వరస కట్టాం. అత్తయ్య తన అతుకు దగ్గర నిలబడింది. గుమ్మటం సందుల్లోంచి వెలుగు దిగి కింద భుజాల మీద పాకుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఇది మాది, ఇది మాది అని అరవాలనిపించింది. నమాజులో అరవకూడదు కాబట్టి ఊరుకున్నాను.

నమాజు అయిపోయేసరికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. కార్యదర్శి. ముఖం కందగడ్డలా ఉంది. చిరునవ్వు ఎక్కడో జారిపోయింది. ఒకడుగు వేసి టక్కున ఆగిపోయాడు. ఎందుకంటే అత్తయ్య సలాం తిప్పీ తిప్పగానే లేచి మళ్లీ చేతులు కట్టుకుంది. నమాజులో ఉన్న మనిషి ముందు నుంచి నడవకూడదు. అది మా పిల్లలకు కూడా తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు, వారం వారం అందరికీ చెప్పేది ఆయనే. అత్తయ్య ముగించే లోపల నేను మొదలుపెట్టాను. నేను ముగించే లోపల ఆ పక్కామె.

"ఏంటమ్మా ఇది? ఎవరు రానిచ్చారు మిమ్మల్ని?" అని పళ్లు బిగించి గుసగుసగా అడిగాడు. గట్టిగా అరిస్తే అదొక తప్పు.

సోఫాలో కూర్చునే నమాజు చదువుకుని అప్పుడే ముగించిన పెద్దమ్మ జవాబు చెప్పింది. "మీ స్పీకరు మింగేసిన నమాజులు నాయనా. తీర్చుకుంటున్నాం."

"ఎంతసేపు?"

"నావైతే కొన్నే. దబ్బనం సంగతి నాకు తెలీదు. ఆవిడ బాకీ పెద్దది."

అత్తయ్య నమాజులో ఉంది కాబట్టి పెద్దమ్మ బతికిపోయింది.

సోఫాల వైపు ఇరుక్కుపోయిన సందర్శకులు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన కాళ్లు మార్చి మార్చి నిలబడి, చివరికి గైడును అడిగాడు, బాత్రూముకు వెళ్లవచ్చా అని. "ఆగాలండి. నమాజు చేసేవాళ్ల ముందు నుంచి వెళ్లకూడదు" అంది ఆమె. అది ఆమె రోజూ అప్పజెప్పే పాఠమే. ఆ రోజు మాత్రం మమ్మల్ని చూస్తూ చెప్పింది. ఆయన దిగాలుగా కూర్చున్నాడు. జాలి పడాల్సింది గానీ, నాకు రవ్వంత కూడా కలగలేదు.

వెలుగు చారలు వెనక వరసలు దాటి జాలీ ఎక్కి, మసకబారాయి. కార్యదర్శి లిఫ్టు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చున్నాడు. లేచాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "సరే. నమాజు వేళల్లో గ్యాలరీ మీదే. బోర్డు తీయిస్తాను. వాళ్లని మాత్రం పోనివ్వండి."

అత్తయ్య కుడివైపు సలాం తిప్పింది. ఎడమవైపు తిప్పినప్పుడు ఆమె ముఖం కనిపించింది. నేను గెలుపు చూస్తాననుకున్నాను. ముఖం నిండా ముడతలు, దవడ బిగుసుకుని, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొట్టులో దారం తెగినప్పుడు ఉండే ముఖం. ఆ చోట ఆ ముఖాన్ని నేను మొదటిసారి చూశాను.

ఇంటికి నడుస్తుంటే మిగతావాళ్లంతా పకపకలు. కార్యదర్శి గోడకు బల్లిలా అతుక్కోవడం గురించి ఒకటే మాటలు. అత్తయ్య అందరికంటే ముందు నడిచింది. మా మెట్ల దగ్గర ఇద్దరమే మిగిలాక నేనే కదిపాను.

"గెలిచాం కదత్తయ్యా?"

"గెలవడానికి వెళ్లే చోటా అది?" అంది. "ఒక్క నమాజు కూడా మనసు పెట్టి చదవలేదే నేను. ఆ కార్యదర్శి పోయాడా, ఉన్నాడా అని చెవి అటే. నోట్లో దేవుడి మాట, కడుపులో వాడి మీద కోపం. ఇవన్నీ మళ్లీ తీర్చుకోవాలి. ఎక్కడ తీర్చుకోను?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. కాసేపయ్యాక తనే మళ్లీ పట్టుకుంది.

బోర్డు తీసేశారు. పైగౌన్ల పని కూడా మా దగ్గర నుంచి తీసేసి ఇంకెవరికో ఇచ్చారు. కార్యదర్శి చిరునవ్వు తిరిగొచ్చింది. ఎదురుపడితే "బాగున్నారామ్మా" అంటాడు. ఆయన ఏ తప్పూ చేయలేదని ఆయన నమ్మకం. ఇచ్చిన చోటు తిరిగి ఇచ్చేశాడు కదా. నేను ఆయన్ని క్షమించను. పెద్దలు క్షమించమంటారు. పెద్దలకు ఆ గుణం ఉంటే వాళ్లే క్షమించుకోవచ్చు.

అత్తయ్య రోజూ అసర్‌కు వెళుతోంది. అదే జాలీ, అదే అతుకు, అదే వెలుగు. కానీ లిఫ్టు చప్పుడైనప్పుడల్లా ఆమె భుజాలు ఉలిక్కిపడడం నేను వెళ్లిన రోజుల్లో పక్కన నిలబడి చూస్తున్నాను. నమాజు అవగానే లేచి వచ్చేస్తోంది. ఇదివరకు పొయ్యి దగ్గరికి వచ్చేదాకా నోరు విప్పేది కాదని చెప్పాను కదా. ఇప్పుడు ఆమె తిట్లు నాకు వీధి మలుపు నుంచే వినిపిస్తున్నాయి.